పెంటావాలెంట్ టీకా

కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్-బి, హిబ్ అనే అయిదు జబ్బులకు ఒకే సూదిలో ఇచ్చే టీకా పెంటావాలెంట్. వీటిలో హెపటైటిస్-బి వైరస్ జబ్బు, మిగిలిన నాలుగూ బ్యాక్టీరియావి. మన దేశంలో 2011 డిసెంబరులో కేరళ, తమిళనాడుల్లో మొదలై తర్వాత కర్ణాటకకు, తెలుగు రాష్ట్రాలకు వచ్చింది. హైదరాబాద్‌లోని బయొలాజికల్-ఇ దీని ఉత్పత్తిదారుల్లో ఒకటి.

హిబ్ భాగం పనితీరు ఆసక్తికరం. న్యుమోనియా, మెదడు పొరల వాపు తెచ్చే ఈ బ్యాక్టీరియాపై చక్కెర పదార్థపు పొర ఉంటుంది. రెండేళ్లలోపు పిల్లల శరీరం ఆ పొరను ఒంటరిగా చూస్తే దాదాపు పట్టించుకోదు. అందుకే దాన్ని ఒక ప్రోటీన్‌కు అతికిస్తారు. చాలా టీకాల్లో అది ధనుర్వాత టాక్సాయిడే, అంటే హాని చేయకుండా మార్చిన విషం. అప్పుడు టి-కణాలు కదులుతాయి, రోగనిరోధక జ్ఞాపకం నిలుస్తుంది. కోరింత దగ్గు టీకాలోని చంపిన బ్యాక్టీరియా కణాలు ఈ స్పందనను ఇంకాస్త పెంచుతాయి. జ్వరం, సూది పడిన తొడ వాపు ఎక్కువగా వాటి వల్లే.

కంఠసర్పి, ధనుర్వాతం భాగాలు అడ్డుకునేది బ్యాక్టీరియాను కాదు, దాని విషాన్ని. ఆ రక్షణ ఏళ్లు గడిచేకొద్దీ సన్నగిల్లుతుంది. కాబట్టి 6, 10, 14 వారాల మోతాదులతో పని పూర్తికాదు. 16-24 నెలలకు, మళ్లీ 5-6 ఏళ్లకు డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం) బూస్టర్, 10, 16 ఏళ్లకు టీడీ (ధనుర్వాతం, కంఠసర్పి) తప్పనిసరి. బడి వయసు పిల్లల్లో కంఠసర్పి కనిపించడానికి తరచూ బూస్టర్లు తప్పడమే కారణం.

కర్ణాటక-ఆంధ్ర సరిహద్దున ఉన్న బళ్లారి వంటి జిల్లాలో కూలిపనులకు అటూ ఇటూ తిరిగే కుటుంబాలకు ఈ మోతాదులన్నీ పూర్తిచేయడం మరీ ముఖ్యం. జాతీయ టీకాల పట్టిక రెండువైపులా ఒకటే. కర్ణాటకలో తల్లీబిడ్డలకు ఇచ్చే తాయి కార్డు వెంట ఉంటే అనంతపురం వైపు ఆరోగ్య కేంద్రంలోనూ తర్వాతి మోతాదు వేయించుకోవచ్చు. ఆలస్యమైనా మొదటినుంచి మొదలుపెట్టక్కర్లేదు.