కదిలే బొమ్మ, కదలని మూలము

ఏటా ఏప్రిల్ మొదటి వారములో మన చీనా పొరుగువారు పెద్దల సమాధులను శుభ్రపరచి పూజించే పండుగ మనకు తెలిసినదే. దానిని చీనాలో చింగ్‌మింగ్ అంటారు. ఆ పేరుతో ఒక ప్రసిద్ధ చిత్రము ఉన్నది. సుమారు 900 ఏళ్ల క్రిందట, సుంగ్ వంశపు రాజుల కాలములో జాంగ్ జెదువాన్ అనే చిత్రకారుడు దానిని పట్టుగుడ్డపై గీచినాడు. ఎత్తు జానెడు, పొడవు 5 మీటర్లకు పైగా. అందులో నది, వంతెన, అంగళ్లు, పల్లకీలు, ఒంటెలు, వందలాది జనము కనబడతారు.

ఇటువంటి చిత్రమును గోడకు తగిలించరు. చాపవలె చుట్టి ఉంచి, కుడినుండి ఎడమకు మూరెడు మూరెడుగా విప్పుతూ, చూసిన భాగమును చుట్టుకుంటూ పోవలెను. చూసేవాడు ఆ నదిగట్టున నడిచినట్లే ఉంటుంది. మ్యూజియములో అద్దము క్రింద పరచితే ఆ నడక పోతుంది. పైగా వెలుతురుకు పట్టు పాడవుతుంది గనుక బీజింగులోని రాజప్రాసాద మ్యూజియమువారు దానిని అరుదుగా బయట పెడతారు. 2015లో పెట్టినప్పుడు జనము గంటల తరబడి వరుసలో నిలిచారు.

2010లో షాంఘై ప్రపంచ ప్రదర్శనలో ఈ చిత్రమునకు కంప్యూటర్ సాయముతో ప్రాణము పోసినారు. 100 మీటర్లకు మించిన తెరపై మనుషులు నడిచినారు, పడవలు కదిలినవి, చీకటి పడి దీపములు వెలిగినవి. 2011 డిసెంబరులో ఆ ప్రదర్శన మన ప్రక్కనున్న సింగపూరుకూ వచ్చినది. మూలమును ఎన్నడూ చూడలేని పిల్లలకు, ముసలివారికి ఇది గొప్ప మేలు.

అయితే ఒక సంగతి గమనించవలెను. జాంగ్ గీచిన చిత్రములో రాత్రి లేదు. అది క్రొత్తగా చేర్చినది. మూలములో ఒక పడవ వంతెనకు తగిలేలా ఉంటుంది. పడవవాళ్లు స్తంభమును దించుతూ కేకలు వేస్తుంటారు, వంతెనమీద జనము వంగి చూస్తుంటారు. పడవ గట్టెక్కినదా లేదా అన్నది చిత్రకారుడు చెప్పలేదు, మన ఊహకు వదిలినాడు. బొమ్మను కదిలించగానే ఆ ఊహకు చోటు తగ్గుతుంది.

కనుక కదిలే బొమ్మ మూలమునకు దారి చూపవలెనే గాని, దాని స్థానమును ఆక్రమించరాదని మా అభిప్రాయము. ఈ మాట మనకూ వర్తిస్తుంది. మన అమ్మమ్మల పాటలకు క్రొత్త వాద్యములు చేర్చి రికార్డు చేయవచ్చును, తప్పు లేదు. కాని ముందు ఆ ముసలి గొంతును ఉన్నదున్నట్లు దాచుకొని, ఏది మూలమో, ఏది మన చేర్పో పిల్లలకు చెప్పుదాము.