ఆఫ్‌సైడ్ అంటే తిట్టు కాదు



ఈ జూన్‌లో ఆరవ తరగతిలో చేరిన చెల్లెళ్లు సాయంత్రం గ్రౌండుకు వస్తున్నారు కానీ గట్టు మీదనే కూర్చుంటున్నారు. ఆడండి అంటే "మాకు రాదక్కా" అంటున్నారు. వాళ్లు పరుగెత్తడం నేను చూశాను. మాకంటే బాగా ఉరుకుతారు. వాళ్లకు రానిది ఆట కాదు, ఆటలో మాటలు. నాకు కూడా అట్లనే అయింది. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను.

మాది ఉట్నూరు దగ్గర గూడెం. ఇంట్లో గోండి మాట్లాడుతాం. తెలుగు బడిలో నేర్చుకున్నాను. ఇంగ్లీషు మాటలు ఇక్కడికి వచ్చాకనే విన్నాను. మా ఇంట్లో బడికి పోయింది నేనే మొదటిదాన్ని. పోయిన సంవత్సరం మ్యాచ్ ఆడటానికి షామీర్‌పేట నుంచి మేడ్చల్ పోయినం. అక్కడ నేను గోల్ కొట్టాను. మనవాళ్లంతా ఎగిరారు. ఇంతలో గీత పక్కన ఉన్న ఆయన జెండా ఎత్తాడు. రెఫరీ విజిల్ వేసి "ఆఫ్‌సైడ్" అన్నాడు. గోల్ లేదన్నారు. చూసేవాళ్లు నవ్వారు. నన్ను ఏదో తిట్టారని అనుకున్నాను. ఏం తప్పు చేశానో అడగడానికి నోరు రాలేదు. ఒక్క గోల్ తేడాతో ఓడిపోయాం. వారం రోజులు నేను గ్రౌండుకు పోలేదు. తర్వాత పీఈటీ మేడం నేల మీద నాలుగు చెప్పులు, ఒక బాల్ పెట్టి చూపించింది. అరగంటలో సమజైంది.

ఇప్పుడు మాటలు ఒక్కొక్కటి చెప్తాను.

ఆట పేరు: మనం ఫుట్‌బాల్ అంటాం, అమెరికాలో సాకర్ అంటారు. రెండూ ఒకటే ఆట. ఒక్కో జట్టుకు 11 మంది. పెద్దవాళ్ల మ్యాచ్ 90 నిమిషాలు, అంటే 45 నిమిషాల చొప్పున రెండు సగాలు.

గీతలు: గ్రౌండుకు పొడుగు వైపు ఉండేది టచ్ లైన్. గోల్ ఉన్న వైపు ఉండేది గోల్ లైన్. గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. గోల్ ముందు ఉండే పెద్ద డబ్బా పేరు పెనాల్టీ ఏరియా. గోల్ కీపర్ తన డబ్బా లోపలే బాల్‌ను చేత్తో పట్టవచ్చు. పట్టాక 8 సెకన్లలో వదలాలి. లేకపోతే ఎదుటివాళ్లకు కార్నర్ ఇస్తారు. ఈ రూలు 2025లో వచ్చింది. ఇంకొకటి గుర్తుంచుకోండి. బాల్ మొత్తం గీత దాటితేనే బయటికి పోయినట్టు. గీత మీద కొంచెం ఉన్నా ఆట నడుస్తున్నట్టే. గోల్ కూడా అంతే.

త్రో ఇన్: బాల్ టచ్ లైన్ దాటితే, చివర తాకిన జట్టు కాకుండా రెండో జట్టు లోపలికి విసరాలి. రెండు చేతులతో, తల వెనక నుంచి తల మీదుగా విసరాలి. రెండు కాళ్లూ నేలకు ఆనాలి. ఎగిరి విసిరితే చెల్లదు.

గోల్ కిక్, కార్నర్ కిక్: బాల్ గోల్ కాకుండా గోల్ లైన్ దాటితే, చివర ఎవరు తాకారో చూస్తారు. దాడి చేసేవాళ్లు తాకితే గోల్ కిక్. కాపాడేవాళ్లు తాకితే ఎదుటివాళ్లకు మూల నుంచి కార్నర్ కిక్.

ఫౌల్, ఫ్రీ కిక్: తోయడం, కాలు అడ్డం పెట్టి పడేయడం, గుంజడం ఫౌల్. చెయ్యి కావాలని తగిలించినా, చేతులు చాచి బాల్‌కు అడ్డం పెట్టినా హ్యాండ్‌బాల్. అప్పుడు ఎదుటివాళ్లకు ఫ్రీ కిక్ ఇస్తారు. మనం 9.15 మీటర్ల దూరం జరగాలి. పెద్ద అడుగులు పది అనుకోండి. ఇదే తప్పు మన డబ్బాలో చేస్తే పెనాల్టీ. 11 మీటర్ల దూరం నుంచి ఒక్కరు తన్నుతారు, గోల్ కీపర్ ఒక్కతే ఆపాలి.

కార్డులు: పసుపు అంటే హెచ్చరిక. రెండు పసుపులైతే ఎరుపు. ఎరుపు అంటే బయటికి పోవాలి, జట్టు ఒకరు తక్కువగానే ఆడాలి. ఈ కార్డులు 1970 ప్రపంచ కప్ నుంచి వచ్చాయి.

మ్యాన్ ఆన్: ఇది రూలు కాదు, అరుపు. మొదటిసారి విన్నప్పుడు మగవాళ్లు ఎవరు వచ్చారా అని చుట్టూ చూశాను. ఆలోపు బాల్ పోయింది. "నీ వెనక నుంచి ఎదుటి జట్టువాళ్లు వస్తున్నారు, జాగ్రత్త" అని దాని అర్థం.

ఆఫ్‌సైడ్: మెస్‌లో అందరూ లైనులో ఉంటే ఒకరు ముందే పోయి అన్నం గిన్నె దగ్గర పళ్లెం పట్టుకొని నిలబడితే ఆయమ్మ ఊరుకుంటుందా? ఇదీ అంతే. మనవాళ్లు మనకు బాల్ తన్నే క్షణంలో మనం ఎదుటివాళ్ల సగంలో ఉండి, బాల్ కంటే ముందు ఉండి, వాళ్లలో చివరి నుంచి రెండో మనిషి కంటే గోల్ లైన్‌కు దగ్గరగా ఉంటే ఆఫ్‌సైడ్ చోటులో ఉన్నట్టు. చివరి మనిషి మామూలుగా గోల్ కీపరే. రెండో మనిషికి సమానంగా ఉంటే ఆఫ్‌సైడ్ కాదు. ఊరికే అక్కడ నిలబడితే తప్పు లేదు. ఆ బాల్‌తో ఆడినా, ఎదుటివాళ్లకు అడ్డం పోయినా తప్పు. త్రో ఇన్, గోల్ కిక్, కార్నర్ నుంచి నేరుగా వచ్చిన బాల్‌కు ఆఫ్‌సైడ్ లేదు.

మేడ్చల్‌లో నేను గోల్ కీపర్ ముందే పోయి నిలబడ్డాను. మన గ్రౌండులో రోజూ అట్లనే నిలబడేదాన్ని. ఇక్కడ రెండు రాళ్లే గోల్, గీతలు లేవు. ఎవరూ తప్పు అనలేదు.

ఫుట్‌బాల్ మనకు దూరం ఆట కాదు. హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం గారు మొదట బడి పంతులు. ఆయన నేర్పిన భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జట్టులో ఆడిన తులసీదాస్ బలరాం గారిది సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడ. ఆయన 2023లో చనిపోయారు. నిజామాబాద్ జిల్లా లంబాడా అమ్మాయి గుగులోత్ సౌమ్య అక్క 2022లో క్రొయేషియా దేశం పోయి డైనమో జాగ్రెబ్ జట్టులో చేరింది. 2025లో దేశంలో ఉత్తమ మహిళా క్రీడాకారిణి అవార్డు తీసుకుంది. తండా నుంచి పోయిన అక్క అంత దూరం పోతే, మనం గట్టు దిగి గ్రౌండులోకి పోలేమా?

వార్డెన్ మేడం గారికి ఒక మనవి. ఈ మాటలన్నీ గీతల మీదనే ఉన్నాయి. గీత చూడని పిల్లకు నోటితో చెప్తే అర్థం కాదు. ఒక సంచి ముగ్గు పిండి ఇప్పిస్తే ఆదివారం మేమే గీతలు గీసుకుంటాం. డబ్బా ఎక్కడ ఉంటదో చెల్లెళ్లు కళ్లతో చూస్తారు.

చెల్లెళ్లారా, తెలియని మాట వినగానే నాలాగ తిట్టు అనుకొని ఏడవకండి. "అంటే ఏంది?" అని అడగండి. నన్ను అడిగినా చెప్తాను. చెప్పులు నాలుగు చాలు.

– 9వ తరగతి విద్యార్థిని