ఫోన్ తెర వెలుగు తగ్గించే చిన్న యాప్: చార్జింగ్ నిజంగా మిగులుతుందా?

బస్తర్ దక్షిణ కొసన, తెలంగాణ సరిహద్దుకు చేరువలో ఉన్న గ్రామం మరైగూడ. ఇది ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా కోంటా బ్లాకు కిందికి వస్తుంది. ఇప్పపూలు ఏరడం, ఎండలు ముదిరాక తునికాకు కోయడం ఈ ప్రాంతపు అడవి పల్లెల్లో ఏటా సాగే పనులు. ఆ ఎండలో ఫోన్ తీస్తే తెర మీద ఏమీ కనబడదు, వెలుగు పూర్తిగా పెంచాలి. రాత్రి ఇంట్లో అదే వెలుగు కళ్లలో గుచ్చుకుంటుంది. మధ్యలో తగ్గించడం మరిచిపోతే చార్జింగ్ కరిగిపోతుంది. కరెంటు మీద పూర్తి భరోసా లేని ఊళ్లో అది చిన్న నష్టం కాదు. 108కి ఫోన్ చేయాల్సిన వేళకు ఆ ఫోనే ఆగిపోయి ఉండవచ్చు.

ఒక్కసారి తాకితే తెర వెలుగును పెంచే, తగ్గించే చిన్న యాప్‌లు చాలా ఉన్నాయి. చూడటానికి అన్నీ ఒకేలా ఉన్నా అవి రెండు రకాలు. ఒక రకం చార్జింగ్‌ను మిగులుస్తుంది. రెండో రకం చాలా ఫోన్లలో తెరను నల్లగా చూపిస్తుందే గానీ చార్జింగ్‌ను మిగల్చదు. ఈ తేడా తెలియాలంటే ముందు తెర ఎలా వెలుగుతుందో తెలుసుకోవాలి.

తెర వెనుక దీపం

తక్కువ ధర ఫోన్లలో ఎక్కువగా ఉండేది ఎల్‌సీడీ తెర. ఇందులోని చుక్కలు సొంతంగా వెలగవు. వెనుక తెల్లటి ఎల్‌ఈడీ దీపాలు ఉంటాయి. ముందున్న ఒక్కో చుక్క కిటికీ రెక్కలా పనిచేసి, ఆ వెలుగును ఎంత వదలాలో అంత వదులుతుంది. బొమ్మలో నలుపు ఉన్న చోట రెక్క మూసుకుంటుంది, కానీ వెనుక దీపం వెలుగుతూనే ఉంటుంది. ఓఎల్‌ఈడీ తెర అలా కాదు. అందులో ప్రతి చుక్కా తానే ఒక దీపం. నలుపు అంటే ఆ చుక్క ఆరిపోవడమే.

మీ ఫోన్ ఏ రకమో తెలుసుకోవడం తేలిక. చీకటి గదిలో వెలుగు పూర్తిగా పెంచి, మొత్తం నల్లగా ఉన్న బొమ్మను తెర నిండా పెట్టండి. బూడిద రంగు కాంతి కనిపిస్తే ఎల్‌సీడీ. తెర ఆరిపోయినట్టే ఉంటే ఓఎల్‌ఈడీ.

కంటికి కొంచెం, బ్యాటరీకి చాలా

ఆరోన్ కారల్, గెర్నోట్ హైజర్ అనే పరిశోధకులు ఆస్ట్రేలియాలో ఒక ఫోన్‌ను విప్పి, ఏ భాగం ఎంత కరెంటు తింటుందో కొలిచి 2010లో ఫలితాలు ప్రచురించారు. ఆ ఫోన్‌లో తెర వెనుక దీపం అతి తక్కువ వెలుగులో సుమారు 8 మిల్లీవాట్లు, మధ్యస్థాయిలో 75, పూర్తి వెలుగులో 414 మిల్లీవాట్లు తీసుకుంది. అంటే మధ్యస్థాయికి తెస్తే దీపం ఖర్చు ఐదో వంతు కన్నా తక్కువకు పడిపోయింది. ఇప్పటి ఫోన్లలో అంకెలు వేరుగా ఉంటాయి. అయినా వెలుగు పెరిగేకొద్దీ ఖర్చు పెరగడం మాత్రం మారలేదు.

మరి ఐదో వంతుకు తగ్గిస్తే చూడటానికి కష్టం కాదా? నీడలో కాదు. మన కన్ను వెలుగును సున్నా నుంచి లెక్కపెట్టదు, ఉన్న వెలుగుతో పోల్చి చూస్తుంది. ఒక దీపం పక్కన మరో దీపం పెడితే తేడా స్పష్టంగా తెలుస్తుంది. వంద దీపాల పక్కన ఒకటి పెడితే తెలియదు. 19వ శతాబ్దంలో జర్మనీకి చెందిన వెబర్, ఫెక్నర్ ఈ విషయాన్ని సూత్రంగా చెప్పారు. 2018లో వచ్చిన ఆండ్రాయిడ్ 9లో వెలుగు పట్టీని కంటి లెక్కకు తగ్గట్టు మార్చింది కూడా ఇందుకే. అంతకుముందు పట్టీ ఎడమ కొసన వేలు కొద్దిగా కదిలినా తెర భగ్గుమనేది.

ఎండ సంగతి వేరు. నడినెత్తి ఎండలో సుమారు 1,00,000 లక్స్ వెలుగు ఉంటే, ఇంట్లో కొన్ని వందలు మాత్రమే ఉంటుంది. ఎండలో అద్దం మీద పడి తిరిగొచ్చే కాంతి తెర కాంతిని మింగేస్తుంది. వెలుగు పెంచడం కన్నా చెట్టు నీడకు జరగడం బ్యాటరీకి మేలు.

యాప్ లోపల జరిగేది

ఆండ్రాయిడ్‌లో తెర వెలుగు అంటే ఫోన్ గుర్తుపెట్టుకునే ఒక అంకె. చాలాకాలంగా యాప్‌లు దాన్ని 0 నుంచి 255 లోపు రాస్తున్నాయి. మొదటి రకం యాప్ చేసేది ఆ అంకెను మార్చడమే. దాన్ని బట్టి ఫోన్ వెనుక దీపానికి కరెంటు తగ్గిస్తుంది, లేదా దీపాన్ని సెకనుకు కొన్ని వందల సార్లు ఆర్పి వెలిగిస్తుంది. ఆరి ఉన్న సమయం పెరిగితే వెలుగు తగ్గినట్టు కనిపిస్తుంది, కరెంటు నిజంగానే మిగులుతుంది. ఆటో బ్రైట్‌నెస్ ఆన్‌లో ఉంటే ఫోన్ ఆ అంకెను మళ్లీ మార్చేయవచ్చు. అందుకే ఇలాంటి యాప్‌లు ముందు దాన్ని ఆపేస్తాయి.

రెండో రకం యాప్ ఆ అంకె జోలికి వెళ్లదు. తెర అంతటా పలచని నల్ల పొర పరుస్తుంది. ఎల్‌సీడీలో ఇది లాంతరు వెలుగుతుండగా చిమ్నీకి మసి పూసినట్టే. వెలుగు తగ్గుతుంది, కిరసనాయిలు మాత్రం అంతే ఖర్చవుతుంది. ఓఎల్‌ఈడీలో పొర వల్ల చుక్కలు మందగిస్తాయి కాబట్టి కొంత మిగులుతుంది.

ఏది ఏ రకమో ఇలా తేల్చుకోవచ్చు. యాప్‌తో వెలుగు తగ్గించి, ఫోన్ పైనుంచి కిందికి లాగితే వచ్చే అసలు వెలుగు పట్టీని చూడండి. అదీ తగ్గి ఉంటే మొదటి రకం. కదలకుండా ఉంటే నల్ల పొర.

ఏ అనుమతి ఇవ్వాలి?

2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి, వెలుగు అంకె మార్చే యాప్‌కు ‘సిస్టమ్ సెట్టింగ్స్ మార్చు’ అనే అనుమతిని వాడేవారే ప్రత్యేకంగా ఇవ్వాలి. నల్ల పొర యాప్ ‘ఇతర యాప్‌ల మీద చూపించు’ అనే అనుమతి అడుగుతుంది. ఈ రెండోది జాగ్రత్తగా ఇవ్వాల్సినది. మోసపు యాప్ అయితే అదే అనుమతితో బ్యాంకు తెర మీద నకిలీ తెర వేయగలదు. కాంటాక్టులు, మెసేజ్‌లు, మైకు, లొకేషన్ వంటివి వెలుగు మార్చడానికి అక్కర్లేదు. వాటిని అడిగే యాప్‌ను తీసేయడమే మంచిది. నెట్ సరిగా అందని చోట యాప్ ఫైళ్లు ఒక ఫోన్ నుంచి మరో ఫోన్‌కు చేతులు మారుతుంటాయి. అలా వచ్చిన వాటి విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం.

రాత్రి కళ్లకూ అవసరమే

చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. భగ్గుమనే తెరను ఒక్క నిమిషం చూసినా ఆ అలవాటు చాలావరకు పోతుంది. వెంటనే పెరట్లోకి వెళ్తే కాలి ముందున్న పాము, తేలు కనబడకపోవచ్చు. రాత్రి తెర వెలుగు బాగా తగ్గించుకోవడం, బయటికి వెళ్లేటప్పుడు టార్చి వాడటం రెండూ అవసరమే.

చాలా ఫోన్లలో పైనుంచి లాగితే వచ్చే పట్టీ ఒక్కటే సరిపోతుంది. పట్టీ అందక ఇబ్బంది పడేవారికి, ఎండకూ నీడకూ రెండు స్థాయిలు ముందే పెట్టుకోవాలనుకునేవారికి యాప్ ఉపయోగం. అలాంటప్పుడు మొదటి రకాన్నే ఎంచుకోవాలి. ఎండ నుంచి నీడకు రాగానే వెలుగు తగ్గించడం అలవాటైతే, సాయంత్రానికి ఫోన్‌లో ఇంకొన్ని కాల్స్‌కు సరిపడా చార్జింగ్ మిగులుతుంది.