కరెంటు పెట్టించాక మెడకు ఆపరేషన్ కూడా కావాలా?

"కరెంటు పెట్టడం అయిపోయింది. మెడ మీద బిళ్ల మాత్రం ఇంకా చేతికి తగులుతోంది. కోసి తీసేస్తేనే మంచిదేమో?" గొంతు కేన్సరుకు రేడియేషన్, కీమో ముగించుకుని పలాస, టెక్కలి, ఉద్దానం పల్లెలకు తిరిగి వచ్చినవారు మమ్మల్ని అడిగే ప్రశ్న ఇది.

గొంతులోని కేన్సరు మెడలోని లింఫు గ్రంథులకు పాకితే బిళ్లలు కడతాయి. రేడియేషన్ ఆగిన రోజే అవి మాయం కావు. చచ్చిన కణాలను శరీరం తొలగించుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. కనుక బిళ్ల మిగిలినంత మాత్రాన వైద్యం ఫలించలేదని కాదు.

ఎన్నాళ్లు ఆగాలి?

పెద్ద బిళ్లలు ఉన్నవారికి రేడియేషన్ తర్వాత మెడ ఆపరేషన్ కూడా చేయడం ఒకప్పుడు చాలా చోట్ల పద్ధతి. బ్రిటన్‌లో 564 మంది రోగులపై జరిగిన పరిశోధన ఫలితాలు 2016లో వచ్చాయి. సగం మందికి ఆపరేషన్ నిర్ణయించారు. మిగతా సగానికి చికిత్స ముగిసిన 12 వారాలకు పెట్ సి.టి. స్కాన్ తీసి, అవసరమైతేనే ఆపరేషన్ చేశారు. రెండేళ్ల తర్వాత బ్రతికి ఉన్నవారు రెండు వైపులా దాదాపు సమానమే. కానీ మొదటి వైపు 221 ఆపరేషన్లు, రెండో వైపు 54 మాత్రమే జరిగాయి.

ఒక జాగ్రత్త. ఆ రోగులలో ఎక్కువమందికి వైరస్ వల్ల వచ్చిన కేన్సరు. అది చికిత్సకు బాగా లొంగుతుంది. చుట్ట, అడ్డపొగ, పొగాకు వల్ల వచ్చేది అంత సులువుగా లొంగదు. అందుకే మనవారు స్కాన్ మానకూడదు. 12 వారాలకు ముందే తీస్తే రేడియేషన్ వాపు కూడా కేన్సరులా కనిపించవచ్చు. అయితే ఈలోగా బిళ్ల పెరిగినా, రక్తం పడినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే డాక్టరుకు చూపించండి.

స్కాన్ తర్వాత

మెడ శుభ్రంగా ఉంటే ఆపరేషన్ అక్కరలేదు. క్రమం తప్పక పరీక్షలకు వెళితే చాలు. సందేహంగా ఉంటే మళ్లీ స్కాన్, సూది పరీక్ష లేదా ఆపరేషన్ అవసరం కావచ్చు. కేన్సరు మిగిలి ఉంటే ఆపరేషనే మంచి అవకాశం. జీడిపప్పు పనులు, కోతలు, పెళ్లిళ్లు అంటూ వాయిదా వేయవద్దు.

ఆపరేషన్ తర్వాత మెడ బిగుసుకోవచ్చు, మొద్దుబారవచ్చు, భుజం జారి చెయ్యి పైకి లేవకపోవచ్చు. కొబ్బరి చెట్టు ఎక్కేవారు, వల లాగేవారు ఈ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. భుజానికి వ్యాయామం త్వరగా మొదలుపెట్టాలి. రేడియేషన్ పడిన చర్మం కనుక గాయం ఆలస్యంగా మానవచ్చు.

ఉద్దానం వారికి ప్రత్యేకంగా

మన ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎక్కువ. కీమోలో వాడే సిస్‌ప్లాటిన్ మందు కిడ్నీలపై భారం వేస్తుంది. స్కాన్‌కు గాని, ఆపరేషన్‌కు గాని వెళ్లేముందు క్రియాటినిన్ పరీక్ష చేయించి, పాత రిపోర్టులు వెంట తీసుకెళ్లండి. నొప్పి బిళ్లలు సొంతంగా కొని మింగవద్దు.

డాక్టరును ఇవి అడగండి: నా స్కాన్ ఏ తేదీన? ఆపరేషన్ చేస్తే నాకు లాభమెంత, నష్టమెంత? ఆగితే మళ్లీ ఎప్పుడు రావాలి? జవాబులు కాగితం మీద రాయించుకోండి. ఇంట్లో ఒకరిని వెంట తీసుకెళ్లండి. చుట్ట మాత్రం ఈరోజే మానేయండి.