బడి కొరకు ఊరు విడుచునప్పుడు



ప్రతి సంవత్సరము మే నెల చివరి వారములలో మన దివిసీమ దారుల మీద ఒక దృశ్యము కనబడుతుంది. ట్రక్కు ఆటోలో మంచము, బీరువా, గ్యాసు బండ, వంట సామాను, వాటి మధ్య ఇరుక్కుని ఇద్దరు పిల్లలు. కొందరు బందరు వైపు, కొందరు పామర్రు మీదుగా గుడివాడ వైపు సాగిపోతారు. ఎక్కడికని అడిగితే, "పిల్లల చదువులకండి" అంటారు. జూన్ 12న బడులు తెరిచేలోగా కొత్త ఊరిలో పొయ్యి వెలిగించాలని వారి ఆరాటము.

పిల్లల చదువు కొరకు తల్లిదండ్రులు పడే ఆరాటము మంచిదే. అయితే ఆ ఆరాటములో అడగవలసిన ప్రశ్నలు అడగకుండా బయలుదేరిన ఒక కుటుంబమును మేము ఎరుగుదుము. వారిని ఆ ప్రశ్నలు అడగనివారము మేమే గనుక ఈ మాటలు వ్రాస్తున్నాము.

మేము చేసిన పొరపాటు

కొన్ని సంవత్సరముల క్రిందట నాగాయలంక వైపు మా సంఘములో భార్యాభర్తలు ఇద్దరు కౌలుకు ఎకరమున్నర వరి చేస్తూ, పని లేని రోజులలో రొయ్యల చెరువుల దగ్గరకు కూలికి వెళ్ళేవారు. పాపకు మూడవ తరగతి అయిపోయింది, బాబుకు ఒకటి అయిపోయింది. ఒక ఆదివారము మేము హన్నాను గురించి ప్రసంగించి, "బిడ్డల భవిష్యత్తు కొరకు త్యాగము చేయుటకు వెనుకాడకండి" అని గట్టిగా చెప్పాము. ఆ సాయంత్రమే వారు మా ఇంటికి వచ్చారు.

"అయ్యగారూ, బందరు వెళ్ళిపోదామనుకుంటన్నామండి. పిల్లల్ని కాన్వెంటులో వేద్దామని" అన్నాడు ఆయన.

మేము సంతోషించి, మోకరించి ప్రార్థించి, దీవించి పంపించాము. ఏ బడి అని అడగలేదు. ఇల్లు ఎక్కడ అని అడగలేదు. అక్కడ పని ఏమి దొరుకుతుందని అడగలేదు.

వారు తీసుకున్న గది పల్లపు వీధిలో ఉన్నది. బడికి రెండు ఆటోలు మారాలి. ఆయనకు పట్టణములో నిలకడైన పని దొరకలేదు గనుక ఊడ్పులకు, కోతలకు మరల ఊరికే వచ్చేవాడు. ఆమె ఇద్దరు పిల్లలతో ఒంటరిగా ఉండేది. రెండవ టర్ము ఫీజు బాకీ పడింది. మరుసటి వేసవికి వారు తిరిగి వచ్చేశారు. బాకీ తీర్చేవరకు టీసీ ఇవ్వమని ఆ బడివారు అన్నారు.

ఇంతవరకైతే నష్టపోయినది ధనము మాత్రమే. అయిదవ తరగతిలో మన ఊరి ఉపాధ్యాయుడు ఆ పాపను పిలిచి, నవోదయ పరీక్షకు దరఖాస్తు నింపుతుండగా అసలు సంగతి బయటపడినది. మూడు, నాలుగు, అయిదు తరగతులు మూడూ గ్రామీణ ప్రాంతపు బడిలో చదివినవారికే గ్రామీణ కోటా. పాప నాలుగవ తరగతి బందరులో చదివింది గనుక ఆమెను పట్టణపు అభ్యర్థిగానే లెక్కించారు. ఆ లెక్కలోనే పరీక్ష వ్రాసింది. సీటు రాలేదు.

ఆ పాప మమ్మల్ని అడిగిన మాట ఇప్పటికీ మా చెవులలో ఉన్నది. "అయ్యగారూ, మన ఊళ్ళోనే ఉంటే నాకు వచ్చేదాండి?"

తప్పక వచ్చేదని మేము చెప్పలేము. కాని ఆ తలుపు ఎక్కడ ఉన్నదో తెలియకుండానే ఆ బిడ్డను దాని ముందు నుండి తప్పించినవారిలో మేమూ ఉన్నాము. దేవుడు మమ్మల్ని క్షమించును గాక.

లోతు కన్నులకు కనబడినది

ఆదికాండము 13వ అధ్యాయములో లోతు కన్నులెత్తి యొర్దాను ప్రాంతమును చూచాడు. అది నీరు పారు దేశము, పచ్చని దేశము. అతడు చూచినది అబద్ధము కాదు. కాని అక్కడి మనుష్యులు ఎటువంటివారో అతడు విచారించలేదు. పట్టణము దగ్గర గుడారము వేసుకున్నాడు. అదే అధ్యాయము చివర అబ్రాహాము హెబ్రోనులో గుడారము వేసి, అక్కడ బలిపీఠము కట్టాడు. ఇద్దరూ ఊరు మారినవారే. ఒకడు కంటికి నచ్చినదానిని ఎన్నుకున్నాడు, మరియొకడు వెళ్ళినచోట మొదట దేవునికి స్థలము చూచుకున్నాడు.

నేడు మన కంటికి నచ్చేది ఏది? రంగుల బోర్డు, టై, బూట్లు, ఇంటి ముందు ఆగే పసుపు బస్సు. ఇవి ఉన్నంత మాత్రాన చదువు ఉన్నదని కాదు, లేదనీ కాదు. తలుపు లోపల ఏమి జరుగుతున్నదో వెళ్ళి చూడాలి.

మన పెద్దలకు బడి ఎట్లు వచ్చినది?

బందరు చదువుల పట్టణమన్న పేరు ఈనాటిది కాదు. 1841లో అక్కడికి వచ్చిన సి.ఎం.ఎస్. మిషనరీ రాబర్ట్ నోబుల్ దొరగారు 1843లో బడి ప్రారంభించి, 1865లో ఆ పట్టణములోనే కన్నుమూశారు. ఆ బడి నుండి పెరిగినదే నోబుల్ కళాశాల. 1910లో జాతీయ కళాశాల కూడ బందరులోనే స్థాపింపబడినది. 1950లో గుడివాడకు కళాశాల వచ్చినది, దానికి అక్కినేని నాగేశ్వరరావు గారి పేరు ఉన్నది. 2008లో కృష్ణా విశ్వవిద్యాలయము బందరులో ఏర్పడినది.

అయితే ఒక సంగతి మరచిపోకూడదు. నోబుల్ దొరగారి బడిలో తొలి దినములలో మన మాలమాదిగ పల్లెల బిడ్డలకు చోటు లేదు. మన తాతలకు అక్షరము నేర్పినది పల్లెలోని ప్రార్థనశాల. అక్కడ ఉపదేశకుడే ఉపాధ్యాయుడు. పగలు పలక, సాయంత్రము ప్రార్థన. బడిని వెదుక్కుంటూ మన పెద్దలు పట్టణమునకు వెళ్ళలేదు, బడియే పల్లెకు వచ్చినది. గనుక మంచి చదువు పట్టణములోనే ఉంటుందని తలంచుట మన చరిత్రకే సరిపడదు.

ఇంకొక విచిత్రము చూడండి. ఉపాధ్యాయ ఉద్యోగముల కొరకు డీఎస్సీ వ్రాసే యువతీయువకులు రాష్ట్రము నలుమూలల నుండి శిక్షణకు వచ్చేది మన అవనిగడ్డకు! టీచర్లు కావాలనుకునేవారు దివిసీమకు వస్తుండగా, టీచర్లను వెదుక్కుంటూ దివిసీమవారు బయటకు వెళ్తున్నారు.

ముందు మన ఊరి బడిని చూడండి

ఊరు విడవకముందు సొంత ఊరి బడిని, ప్రక్క ఊరి బడిని మరియొకసారి చూడండి. పది సంవత్సరముల క్రిందటి అభిప్రాయముతో నేడు నిర్ణయము చేయకూడదు. 2019లో మొదలైన నాడు-నేడు పనులలో అనేక ప్రభుత్వ బడులకు మరుగుదొడ్లు, త్రాగునీరు, బల్లలు వచ్చినవి. 2025లో 16,347 ఉపాధ్యాయ పోస్టులకు మెగా డీఎస్సీ జరిగినది. అదే సంవత్సరము ప్రభుత్వము బడులను మరల సర్దినప్పుడు, తరగతికి ఒక టీచరు ఉండునట్లు మోడల్ ప్రైమరీ బడులను ఏర్పరచినది. అటువంటి బడి మీ ఊరికి దగ్గరలో ఉన్నదేమో ఎంఈఓ కార్యాలయములో అడగండి. అది అయిదారు కిలోమీటర్లలో ఉంటే, ఇల్లు మార్చుటకంటే సైకిలు కొనుట మేలు కావచ్చును.

2025లో ప్రారంభమైన తల్లికి వందనము సహాయము పిల్లవాడు ప్రభుత్వ బడిలో చదివినా, ప్రైవేటు బడిలో చదివినా తల్లికి అందుతుంది. దాని కొరకు ఊరు గాని బడి గాని మారనక్కరలేదు.

వెళ్ళవలసివస్తే

కొందరికి వెళ్ళుట తప్పదు. తండ్రికి పట్టణములో పని కుదిరినది, లేక పెద్దపిల్ల ఇంటరుకు వచ్చినది. అటువంటివారు ఇల్లు వెదకక ముందు బడి వెదకాలి, బడి దొరికిన తరువాత దాని చుట్టూ ఇల్లు వెదకాలి. చాలామంది దీనికి తారుమారుగా చేస్తారు. చౌకగా దొరికిన గదిలో దిగి, తరువాత బడికి ఆటోలు మాట్లాడుకుంటారు. అద్దెలో మిగిలినది ఆటో మింగివేస్తుంది.

బడిని చూచుటకు సెలవులలో కాక, పనిదినమున వెళ్ళండి. తరగతికి ఎందరు పిల్లలు, ఎందరు టీచర్లు అని అడగండి. విద్యాహక్కు చట్టము ప్రకారము ప్రాథమిక బడిలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు ఉండాలి, 61 నుండి 90 వరకు ముగ్గురు ఉండాలి. మధ్యాహ్న భోజనము వేళ ఒకసారి, బడి విడిచే వేళ ఒకసారి గేటు దగ్గర నిలువండి. మూడవ తరగతి పిల్లవాడిని పిలిచి, వాచకములో ఒక పేజీ చదివించండి. ఆ పేజీ చెప్పినంత స్పష్టముగా బోర్డు చెప్పదు. ఆడపిల్లలకు మరుగుదొడ్డి తాళము వేసి ఉన్నదా, వాడుకలో ఉన్నదా చూడండి. పదవ తరగతి వరకు అక్కడే ఉన్నదా, మధ్యలో మరల మారాలా తెలుసుకోండి.

ఇల్లు చూచునప్పుడు వర్షాకాలములో ఆ వీధి ఎట్లుంటుందో పొరుగువారిని అడగండి. బందరు సముద్రతీరపు పల్లపు నేల. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను ఎరిగిన దివిసీమవారికి నీటిని గురించి మేము చెప్పనక్కరలేదు. వర్షమునకు మోకాలి లోతు నీరు నిలిచే వీధి నుండి చిన్నపిల్లలు బడికి నడవలేరు.

గుడివాడ రైలు జంక్షను. బందరు, బెజవాడ, భీమవరము వైపు మూడు దారులున్నవి. పని కొరకు తిరిగే తండ్రికి అది అనుకూలము. బందరు జిల్లా కేంద్రము, కళాశాలలు ఎక్కువ. అయితే దివిసీమలో పొలము గాని కౌలు గాని ఉన్నవారికి ఈ రెంటికంటే అవనిగడ్డ, చల్లపల్లి దగ్గర. తండ్రి సాయంత్రమునకు ఇల్లు చేరగల ఊరు ఏదో చూచుకోండి. తండ్రి నెలకు ఒకసారి కనబడే ఇంటిలో ఎంత మంచి బడి ఉన్నా పిల్లలకు వెలితియే.

చట్టమిచ్చిన హక్కులు

2010 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టము ప్రకారము, 8వ తరగతి వరకు టీసీ ఆలస్యమైనదని ఏ బడీ చేర్చుకొనుట మానకూడదు. బడి మారాలని కోరినప్పుడు ప్రధానోపాధ్యాయుడు వెంటనే టీసీ ఇవ్వాలి. మేము చెప్పిన పాపను మన ఊరి ప్రధానోపాధ్యాయుడు ఈ నియమము చెప్పియే అదే రోజు చేర్చుకున్నారు. ప్రైవేటు బడులలో 1వ తరగతి సీట్లలో 25 శాతము బీద పిల్లలకు ఉచితముగా ఇవ్వాలి. దీనికి ఇల్లు బడికి దగ్గరలో ఉండుట ముఖ్యము. మైనారిటీ సంస్థల బడులకు, అనగా మన మిషను బడులకు కూడ, ఈ 25 శాతము నియమము వర్తించదని 2014లో సుప్రీంకోర్టు చెప్పినది.

నవోదయ సంగతి మరల చెప్పుచున్నాము. కృష్ణా జిల్లా నవోదయ విద్యాలయము వేలేరులో ఉన్నది. చదువు, వసతి, భోజనము ఉచితము. 6వ తరగతి సీట్లలో కనీసము 75 శాతము గ్రామీణ పిల్లలవి. 3, 4, 5 తరగతులలో ఒక్క రోజు పట్టణపు బడిలో చదివినా ఆ కోటా పోతుంది. గనుక రెండవ తరగతి దాటిన బిడ్డ ఉన్నవారు పట్టణమునకు వెళ్ళక ముందు ఈ లెక్క చూచుకోండి. అంబేద్కర్ గురుకులములలో 5వ తరగతి ప్రవేశమునకు కూడ పరీక్ష ఉన్నది. వాటిలో క్రైస్తవులైన బీసీ-సి వారికి కొన్ని సీట్లు ప్రత్యేకముగా ఉన్నవి. సర్టిఫికెట్లు ముందుగానే సిద్ధము చేసుకోండి.

కూర్చుండి లెక్క చూచుకోండి

గోపురము కట్టదలచినవాడు మొదట కూర్చుండి ఖర్చు లెక్క చూచుకోవాలని ప్రభువు లూకా 14వ అధ్యాయములో బోధించాడు. లెక్క చూచుట అవిశ్వాసము కాదు, ప్రభువు నేర్పిన వివేకము. ఒక సంవత్సరపు అద్దె, ఫీజు, పుస్తకములు, ఆటో, పాలు, బియ్యము ఒక కాగితము మీద వ్రాయండి. ఊరిలో బియ్యము, కూరగాయలు సగము ఇంటివే, పట్టణములో కొత్తిమీర కూడ కొనాలి. పొలము అమ్మి ఫీజు కట్టకండి. ఫీజు ప్రతి సంవత్సరము వస్తుంది, పొలము ఒక్కసారే పోతుంది.

ఆ కాగితము మీద చివరి వరుసలో మరియొక మాట వ్రాయండి. అక్కడ మన సంఘము ఎక్కడ? పిల్లలు నడిచి వెళ్ళే దూరములో ఆదివారపు బడి ఉన్నదా? వెళ్ళక ముందే మీ అయ్యగారి దగ్గర ఉత్తరము తీసుకొని, అక్కడి అయ్యగారికి ఇవ్వండి. ఆ కుటుంబము బందరులో ఉన్న పది నెలలు ఏ సంఘమూ వారిని ఎరుగదు. ఆమెకు జ్వరము వచ్చినప్పుడు తలుపు తట్టినవారు లేరు. ఆ ఉత్తరము వ్రాయనివారము కూడ మేమే.

ఇప్పుడు మా సంఘములో ఎవరైనా "బందరు వెళ్తామండి" అని వస్తే మేము వెంటనే మోకరించము. ముందు చాప వేసి కూర్చుండి, కాగితము, కలము తీసి లెక్క వ్రాస్తాము. ఏ తరగతి, ఏ బడి, ఏ వీధి, ఏ పని, ఏ సంఘము అని అడుగుతాము. ఆ తరువాత ప్రార్థిస్తాము. కొందరు వెళ్తారు, కొందరు ఆగుతారు. వెళ్ళినవారినీ ఆగినవారినీ సమానముగా దీవిస్తాము.

ఆ పాప అవనిగడ్డలో ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో చేరినది. ఉదయము బస్సుకు వెళ్ళి, సాయంత్రము ఇంటికి వచ్చేది. ఆదివారములలో చిన్నపిల్లలకు పాటలు నేర్పేది ఆమెయే. ఆమెను చూచినప్పుడెల్లా, ప్రార్థనతో పాటు ప్రశ్న కూడ అడగవలసిన బాధ్యత కాపరికి ఉన్నదని మాకు జ్ఞాపకము వస్తుంది.

మీ బిడ్డలను ప్రభువు జ్ఞానమందును వయస్సునందును వర్ధిల్లజేయును గాక. ఆమెన్.