తిన్నావా... భోంచేశారా... ఆరగించారా!

అన్నం తిన్నావా? భోంచేశారా? స్వామి ఆరగించాడు. ఆవు మేసింది. వాడు పీకలదాకా మెక్కాడు... పని ఒక్కటే. మాట మారితే మర్యాదే మారిపోతుంది. ఇంటికొచ్చిన కొత్తల్లుణ్ని 'మేశావా బాబూ' అని అడిగితే ఏమవుతుందో వేరే చెప్పాలా!

శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం మండలంలోని డొంకూరు తీరాన నిలబడితే ఎదురుగా కనిపించేది బంగాళాఖాతం. ఒకప్పుడు కళింగ నావికులు ఈ సముద్రం మీదుగానే ఆగ్నేయాసియా దీవులకు వెళ్లేవారు. ఆ జ్ఞాపకంగానే కటక్‌లో ఏటా కార్తీక పౌర్ణమికి 'బాలి జాతర' జరుగుతుంది. ఆ బాలి దీవి ప్రజలు మాటల మర్యాదలో మనకన్నా నాలుగాకులు ఎక్కువే చదివారు.

ఎవరికి ఏ మాట?

బాలి భాషలో జంతువు తింటే 'న్గమహ్'. దగ్గరి స్నేహితుడు తింటే 'నాఅర్'. మర్యాద ఇవ్వాల్సినవారు తింటే 'న్గజెంగ్'. పూజారి లాంటి పూజ్యులు భోంచేస్తే 'న్గ్రయునంగ్'. మరి పెద్దల ముందు తన సంగతి చెప్పుకోవాలంటే? 'నునస్' అనాలి. ఆ మాటకు అసలు అర్థం 'అడిగి పుచ్చుకోవడం'. అంటే ఎదుటివారిని పైకెత్తే మాటలు వేరు, తనను తాను తగ్గించుకునే మాటలు వేరు.

ఇవ్వడానికీ ఇదే లెక్క. సాటివాడికి ఇస్తే 'మాఅంగ్', పెద్దలకు ఇస్తే 'న్గతురంగ్', పెద్దలు చిన్నవారికి ఇస్తే 'న్గిచెన్'. మనమూ భక్తుడు సమర్పించాడు, దేవుడు ప్రసాదించాడు అంటాం. కాకపోతే మనకది గుడి దగ్గరో సభలోనో వినిపించే భాష. వాళ్లకు రోజూ ఇంట్లో, బజారులో అక్కరకొచ్చే భాష.

దీని వెనక కులం పట్టింపూ ఉంది. అందుకే ముక్కూమొహం తెలియనివారితో మాట కలిపేటప్పుడు మర్యాద భాషలోనే మొదలుపెడతారు. 'మీరు ఆసీనులయ్యే స్థానం ఏది' అన్న అర్థం వచ్చేలా కులాన్ని సున్నితంగా అడిగి తెలుసుకోవడం పాత అలవాటు. ఆ తర్వాతే ఏ క్రియ వాడాలో తేలుతుంది.

తప్పు పోతుందేమోనని...

చిక్కంతా ఇక్కడే. ఒక్క మాట తేడా వచ్చినా పెద్దలు చిన్నబుచ్చుకుంటారన్న భయంతో చాలామంది కుర్రకారు అసలు బాలి భాషే మానేసి ఇండొనేసియా భాషలోకి మారిపోతున్నారు. అందులో ఇన్ని మెట్లు లేవు మరి. ఈ పరిస్థితుల్లో బాలి ప్రభుత్వం 2018లో ఓ నిబంధన తెచ్చింది. ప్రతి గురువారం కార్యాలయాల్లో, బడుల్లో బాలి భాషే మాట్లాడాలంది. 2019 నుంచి ఏటా ఫిబ్రవరిని బాలి భాషా మాసంగా జరుపుతోంది.

ఉద్దానం పిల్లలకూ ఇలాంటి బెరుకు ఉంటుంది. కారణమే వేరు. 'ఏటి తింటన్నావ్' అని ఇంట్లో హాయిగా అడిగే పిల్లవాడు పట్నం కాలేజీలో నోరు విప్పడానికి జంకుతాడు. యాస విని ఎవరైనా నవ్వుతారేమోనని! అక్కడ మాట స్థాయి, ఇక్కడ మాట తీరు. చివరికి మిగిలేది మాత్రం మౌనమే.

ఈ జిల్లాలోనే శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టారు గిడుగు వేంకట రామమూర్తి. జనం మాట్లాడే తెలుగే బడిలోనూ ఉండాలని పోరాడారు. కొండల్లోని సవరల దగ్గరికి వెళ్లి వాళ్ల భాష నేర్చుకుని, వ్యాకరణం, నిఘంటువు రాశారు. ఆయన పుట్టినరోజునే తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాం.

నిబంధనలు, ఉత్సవాలు ఉండాల్సిందే. కానీ పిల్లల నోట భాష నిలవాలంటే పెద్దలు చేయాల్సిన పని ఇంకొకటుంది. తప్పు పలికినప్పుడు నవ్వకుండా సరిదిద్దడం. తప్పు కాని యాసను తప్పనకుండా ఉండడం!