లక్షా ఇరవై వేల జతల్లో 135

ఇన్‌ఫ్లుయెంజా ఎ వైరస్ జన్యు సమాచారమంతా 8 ఆర్‌ఎన్‌ఏ ముక్కల్లో, దాదాపు 13,500 అక్షరాల్లో ఇమిడిపోతుంది. దానికున్న ప్రధాన ప్రొటీన్లు పది, పదకొండే. మనిషికి ప్రొటీన్లను తయారుచేసే జన్యువులు దాదాపు 20,000. ఇంత తక్కువ సరంజామాతో వచ్చే వైరస్ మన ప్రొటీన్లను పట్టుకుని పని చేయించుకోక తప్పదు. ఏది దేన్ని పట్టుకుంటుందో తెలిస్తే మందును ఎక్కడ గురిపెట్టాలో తెలుస్తుంది.

ఆ వెతుకులాటకు బాగా అక్కరకొచ్చిన పద్ధతి ఈస్ట్ టూ-హైబ్రిడ్. 1989లో స్టాన్లీ ఫీల్డ్స్, ఓక్-క్యూ సాంగ్ దీన్ని రూపొందించారు. ఈస్ట్‌లో జన్యువులను ఆన్ చేసే గాల్4 అనే ప్రొటీన్‌ను రెండు ముక్కలు చేసి, ఒకదానికి వైరస్ ప్రొటీన్‌ను, రెండోదానికి మనిషి ప్రొటీన్‌ను తగిలిస్తారు. ఆ రెండూ అతుక్కుంటే ముక్కలు దగ్గరై, హిస్టిడిన్ తయారుచేసే జన్యువు పని మొదలుపెడుతుంది. హిస్టిడిన్ లేని ప్లేటు మీద ఆ ఈస్ట్ ఒక్కటే తెల్లటి చుక్కలా ఎదుగుతుంది. అతుక్కోకపోతే ప్లేటు ఖాళీ.

2009లో బ్రాడ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు 10 వైరస్ ప్రొటీన్లను సుమారు 12,000 మనిషి ప్రొటీన్లతో ఇలా జతకట్టి చూశారు. అంటే లక్షా ఇరవై వేల జతలు. అతుక్కున్నవి 135. వాటిలో ఉన్న మనిషి ప్రొటీన్లు 87.

ఈ జాబితాను ఉన్నదున్నట్టు నమ్మడం తొందరపాటే. ఈస్ట్‌లో అతుక్కున్న రెండు ప్రొటీన్లు మన ఊపిరితిత్తి కణంలో ఎన్నడూ ఎదురుపడకపోవచ్చు. ఎదురుపడినా వైరస్‌కు దానితో పని ఉండకపోవచ్చు. 2014లో యోషిహిరో కవావోకా బృందం 11 వైరస్ ప్రొటీన్లను మనిషి కణాల్లోంచి బయటికి లాగితే, వాటిని పట్టుకుని 1,292 ప్రొటీన్లు వచ్చాయి. ఒక్కొక్కదాన్నీ కణంలో తగ్గించి చూస్తే, వైరస్ పెరుగుదల మారింది 323 విషయంలోనే. నాలుగింట మూడు వంతులు అక్కడే రాలిపోయాయి. నా దృష్టిలో 1,292 కన్నా ఈ 323 విలువైన సంఖ్య.

2010లో రెండు బృందాలు మనిషి జన్యువులన్నిటినీ ఒక్కొక్కటిగా అణచి చూశాయి. ఒకరి జాబితాలో 295 జన్యువులు తేలాయి, మరొకరి జాబితాలో 287. రెండింటిలోనూ ఉన్నవి మాత్రం కొద్దే. పని సరిగా చేయలేదని కాదు. మొదటి బృందం మార్చి వాడిన వైరస్, కణంలోకి చొరబడి ప్రొటీన్లు తయారుచేసే దశవరకే చూపగలదు. రెండోవాళ్లు కొత్త వైరస్ బయటికొచ్చి వేరే కణానికి అంటుకునేదాకా గమనించారు.

ఇన్ని వందల పేర్లలో ఒక్కటి ఎంతదూరం తీసుకెళ్లగలదో ఏఎన్‌పీ32ఏ చెబుతుంది. పక్షుల్లో ఈ ప్రొటీన్‌కు 33 అమైనో ఆమ్లాలు అదనంగా ఉంటాయి. పక్షి వైరస్ జన్యువులను నకలు తీసే పాలిమరేజ్ మన కణాల్లో తడబడటానికి ఆ తేడాయే ముఖ్య కారణమని 2016లో లండన్ ఇంపీరియల్ కాలేజీలో వెండీ బార్‌క్లే బృందం తేల్చింది. 2023లో ఈ ప్రొటీన్‌లో రెండంటే రెండు అమైనో ఆమ్లాలు మార్చిన 10 కోళ్లకు హెచ్9ఎన్2 వైరస్ ఎక్కిస్తే 9 తట్టుకున్నాయి. వెయ్యి రెట్ల మోతాదులో మాత్రం సగానికి సోకింది. వైరస్ తన పాలిమరేజ్‌ను మార్చుకుని దగ్గరి ప్రొటీన్లు ఏఎన్‌పీ32బీ, ఏఎన్‌పీ32ఈలను వాడుకోవడం నేర్చింది.

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్లఫారాలను దెబ్బతీసింది వేరే రకం, హెచ్5ఎన్1. కాబట్టి ఆ రైతులకు ఈ కోళ్లు ఇప్పుడే మందు కావు. ప్రయోగశాలలో కోడి కణాల నుంచి ఈ మూడు ఏఎన్‌పీ32 ప్రొటీన్ల జన్యువులనూ తీసేస్తే వైరస్ పెరుగుదల ఆగింది. మూడింటిలోనూ మార్పు చేసిన కోడి ఆరోగ్యంగా ఎదుగుతుందా అన్నది పరిశోధకులు తమ తర్వాతి పనిగా పెట్టుకున్నారు.